కోర్గ్ మోనోలాగ్: నాలుగేళ్లు వాడాక

కోర్గ్ మోనోలాగ్ అంటే మీటలున్న చిన్న సింథసైజర్, ధ్వనిని మనమే మలుచుకునే కీబోర్డు. ముందే చెప్పేస్తున్నా, దీని మీద కార్డ్స్ (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) పలకవు. రెండు మీటలు కలిపి నొక్కినా వినిపించేది ఒక్క స్వరమే. రెండు చేతులా సినిమా పాటలు వాయించే అలవాటున్నవాళ్లకి మొదటి రోజే ఇదేం గొడవ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. చెన్నై వేళచ్చేరిలో మా ఫ్లాట్‌కి దీన్ని సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకుని నాలుగేళ్లయింది, ఇంకా బల్ల మీదే ఉంది, అలమారలోకి ఎక్కలేదు.

నేర్చుకోవడానికి మాత్రం భలే ఉంటుంది. ధ్వని పుట్టించే ఆసిలేటర్లు రెండు, దాని పదును తగ్గించే ఫిల్టర్ ఒకటి, ధ్వని ఎలా లేచి ఎలా అణగాలో చెప్పే ఎన్వలప్ ఒకటి, దాన్ని ఊపే ఎల్‌ఎఫ్‌ఓ ఒకటి, అంతే. చాలా పనులకి విడిగా నాబ్ ఉంది, మెనూల్లో వెతుక్కోవడం తక్కువ. చిన్న తెర మీద ధ్వని అల కనిపిస్తూ ఉంటుంది: సాటూత్ అనే అల పెడితే రంపం పళ్లు, ఫిల్టర్ కటాఫ్ నాబ్ తగ్గించేకొద్దీ ఆ పళ్లు అరిగి గుండ్రబడతాయి, చెవికేమో దుప్పటి కప్పినట్టు మూగగా వినిపిస్తుంది. పదేళ్ల మా మేనల్లుడికి ఫిల్టర్ అంటే ఏంటో నేను చెప్పనే లేదు, పావుగంట తిప్పి వాడే చెప్పాడు.

ఇక నన్ను కట్టిపడేసింది మైక్రో ట్యూనింగ్, అంటే ఒక్కో స్వరాన్ని విడిగా కాస్త ఎక్కించడం, దించడం. 2016 చివర్లో ఈ మోడల్ ప్రకటించినప్పుడే ఇందులో ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఏఫెక్స్ ట్విన్ చెయ్యి ఉందని చెప్పారు. అమ్మ ఐదు శ్రుతిలో పాడుతుంది. ఫోన్‌లో తంబూరా పెట్టి నేను శంకరాభరణం వాయిస్తుంటే వంటింట్లోంచి "గాంధారం ఎక్కిందిరా" అనేది. కీబోర్డుల్లో మామూలుగా ఉండే సర్దుబాటు గాంధారం, శుద్ధమైన దానికంటే 14 సెంట్లు ఎక్కువ (పక్కపక్క మీటల మధ్య దూరం వంద సెంట్లు). దాన్ని అంత దించి మళ్లీ వాయించాను, ఈసారి వంటింట్లోంచి మాట లేదు. ఎడమవైపు స్వరాన్ని పైకీ కిందికీ వంచే స్ప్రింగు స్లైడర్‌తో తోడి గాంధారం ఊపడానికి మాత్రం నెలలు పట్టింది. వదిలితే ఠక్కున మధ్యకి వచ్చేస్తుంది, వేలితో ఆపి ఆపి వదలాలి. స్వరాల వరసని గుర్తుపెట్టుకుని తనే వాయించే సీక్వెన్సర్‌లో 16 స్టెప్పులకీ విడిగా స్లైడ్ పెట్టుకోవచ్చు కాబట్టి జారు (స్వరం నుంచి స్వరానికి జారడం) తేలిక.

మీటలు సన్నవి, 25 మాత్రమే, పైగా మొదలయ్యేది ఇ నుంచి, సి నుంచి కాదు. స్పీకర్ లేదు, ప్రతిధ్వనిలాంటి డిలే, రివర్బ్ లేవు. ఆర్కెస్ట్రాల్లో వాయించే స్నేహితుడు తన డిలే పెడల్ తగిలించి బేస్ లైన్లకి తీసుకెళ్తుంటాడు, ధ్వనిని గరుకుగా చేసే డ్రైవ్ నాబ్ అంటే వాడికి పిచ్చి.

ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి బెసెంట్ నగర్ బీచ్‌కి కూడా హెడ్‌ఫోన్స్‌తో పట్టుకెళ్లాను, తర్వాత రెండు రోజులు ఇసుక దులుపుకున్నాను అనుకోండి. అడాప్టర్ విషయంలో పప్పులో కాలేశాను. రిచీ స్ట్రీట్‌లో గిటార్ పెడళ్లకి వాడే 9 వోల్ట్‌ది కొనేశాను, దాని పిన్ మధ్యలో నెగటివ్, దీనికి కావాల్సింది పాజిటివ్. ఆన్ కాలేదు, నాకు చెమటలు పట్టాయి, అదృష్టం బాగుండి ఏమీ కాలలేదు. కొనేముందు ఆ గుర్తు చూసుకోండి.

మే నెలలో ఏసీ లేని గదిలో శ్రుతి కాస్త అటూ ఇటూ అవుతుంది, లోపల ధ్వని పుట్టించేవి అనలాగ్ సర్క్యూట్లు కదా. ఆన్ చేయగానే తనే సరిచూసుకుంటుంది, నేను అరగంట వేడెక్కనిచ్చి ఇంకోసారి ఆపి ఆన్ చేస్తాను.

ధ్వనులు దాచుకునే వంద ప్రోగ్రాముల్లో 80 కంపెనీ నింపినవే. మిగిలిన ఇరవైలో పదమూడు అమ్మ శ్రుతికే పోయాయి.