మూలధనం బొటాబొటిగా ఉన్న బ్యాంకా, దండిగా ఉన్న బ్యాంకా: ఏది మేలు?

విశాఖలో రిటైరైనవాళ్లు బ్యాంకు షేరు కొనేముందు అడిగేది లాభం ఎంత, డివిడెండ్ ఎంత అనే. క్యాపిటల్ అడిక్వసీ, అంటే ఇచ్చిన అప్పుల వంటి ఆస్తులతో పోలిస్తే బ్యాంకు సొంత డబ్బు (మూలధనం) ఎంత శాతం అన్న ఊసే ఎత్తరు. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే.

రెండు బ్యాంకులు, చెరో 1,000 కోట్ల ఆస్తులు అనుకుందాం. ఒకదాని మూలధనం 80 కోట్లు, రెండోదానిది 120 కోట్లు, మిగతావి డిపాజిట్లు. మొదటిది ఏడాదికి 10 కోట్లు మిగిల్చితే వాటాదారుడికి రాబడి 12.5 శాతం. రెండోదీ అంతే మిగిల్చితే 8.3 శాతమే. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. కానీ రెండో బ్యాంకు 40 కోట్ల డిపాజిట్లు తక్కువ తీసుకుంది కదా! 6 శాతం వడ్డీ చొప్పున 2.4 కోట్లు ఆదా. పన్ను పక్కన పెడితే రాబడి 10.3 శాతానికి వస్తుంది. తేడా ఉంది గానీ, పైకి కనిపించినంత లేదు.

50 కోట్ల బాకీలు మునిగితే అసలు సంగతి తెలుస్తుంది. మొదటిదాని దగ్గర 30 కోట్లే మిగులుతాయి, రెండోదాని దగ్గర 70. అప్పుడు మొదటిది కొత్త అప్పులు ఆపాలి, లేదా షేర్లు చవగ్గా అమ్ముకోవాలి. పాతవాళ్ల వాటా పలచబడుతుంది.

ఆర్‌బీఐ వాణిజ్య బ్యాంకుల్ని 9 శాతం మూలధనం, దానిపై కష్టకాలం కోసం 2.5 శాతం బఫర్, మొత్తం 11.5 శాతం ఉంచమంటుంది. బఫర్ తరిగితే డివిడెండ్‌కూ కోత. అయితే ఈ శాతాలు మొత్తం ఆస్తుల మీద కాదు, రిస్క్ బట్టి తూకం వేసిన ఆస్తుల మీద. మధురవాడ ఫ్లాటుకు 30 లక్షల ఇంటి అప్పు, ధరలో 80 శాతం దాటకపోతే, అందులో 35 శాతమే, అంటే 10.5 లక్షలే లెక్కకొస్తుంది. దాని మీద 11.5 శాతం, సుమారు 1.2 లక్షల మూలధనం చాలు. అదే 30 లక్షల పర్సనల్ లోనైతే, 2023 నవంబరులో తూకం 125 శాతానికి పెంచాక, 4.3 లక్షలు కావాలి. వడ్డీ ఎక్కువే, కానీ అది మూలధనాన్ని తినేస్తుంది. మూలధనం బొటాబొటిగా ఉన్న బ్యాంకు ఇంటి అప్పుల వెంట పడడంలో వింతేముంది?

డిపాజిటర్‌కైతే ఆలోచనే అక్కర్లేదు, దండిగా ఉన్నదే మేలు. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు బీమా 5 లక్షల వరకే. షేరు కొనేవాడికీ నా ఓటు దానికే, ఒక్క షరతు మీద: ఆ మూలధనంతో అప్పులిస్తూ ఉండాలి. క్యాపిటల్ అడిక్వసీ 20 శాతం దాటినా అప్పులు పెరగని బ్యాంకైతే, బొటాబొటిదే నయం.