చీనీ తోట డ్రిప్‌కు నాలుగు రిలేల బోర్డు: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోటల డ్రిప్ వాల్వులను ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో నడపాలనుకునేవారికి అంగళ్లలో ముఖ్యంగా రెండు బోర్డులు దొరుకుతాయి. ఒకటి 5 వోల్టుల నీలం రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్చులు) నాలుగు వరుసగా ఉండేది, మరొకటి ఐఆర్‌ఎఫ్520 మాస్‌ఫెట్ (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్చు) బిగించిన చిన్నది. రెండూ వాడి చూసిన మీదట, తోట పనికి రిలే బోర్డే తగినదని నా అభిప్రాయం.

కారణం వాల్వులోనే ఉంది. డ్రిప్‌కు వాడే, కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వులు చాలావరకు 24 వోల్టుల ఏసీవి. ఒక్క మాస్‌ఫెట్ ఏసీని ఆపలేదు, ఎందుకంటే దాని నిర్మాణంలోనే ఉన్న డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) వెనుక దిశలో కరెంటును ఎప్పుడూ పోనిస్తుంది. రిలే కాంటాక్టులు ఏసీనీ, డీసీనీ రెండింటినీ ఆపగలవు. పైగా రిలేను కదిపే కాయిల్ వైపుకూ, వాల్వు తగిలించే లోడు వైపుకూ విద్యుత్ సంబంధమే ఉండదు. రిలే అరిగిపోతుందన్న భయం ఇక్కడ అనవసరం. పూర్తి లోడు మీద లక్ష సార్లు పనిచేస్తుందని తయారీదారులు చెప్పే ఇలాంటి రిలేను రోజుకు పదిసార్లు వాడినా ఇరవై ఏళ్లకు పైగా వస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ఒక్కో కాయిల్ సుమారు 70 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది కనుక నాలుగింటికీ విడిగా 5 వోల్టుల సప్లై ఇవ్వాలి. అంతకన్నా ముఖ్యమైన జాగ్రత్త బోరు మోటారు దగ్గర ఉంది. రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉన్నంత మాత్రాన త్రీఫేజ్ మోటారును దానికి తగిలించకూడదు. స్టార్టర్ కాయిల్‌ను నడపాలన్నా, చాలా స్టార్టర్లలో అది రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద ఉంటుంది కాబట్టి, ఆ వోల్టేజీకి తగిన మరో రిలేను మధ్యలో పెట్టించుకోవాలి. ఈ పని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

12 వోల్టుల డీసీ వాల్వులు, పంపు వేగం తగ్గించి పెంచడం వంటి పనులకు మాత్రం మాస్‌ఫెట్టే మేలు. అయితే ఐఆర్‌ఎఫ్520 పూర్తిగా తెరుచుకోవడానికి గేటుకు (దాన్ని నడిపే కాలుకు) 10 వోల్టులు కావాలి, ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3 వోల్టులే. సగం తెరుచుకున్న మాస్‌ఫెట్ వేడెక్కుతుంది, మన ఎండల్లో ఆ వేడి మరీ ప్రమాదం. దాని బదులు తక్కువ గేటు వోల్టేజీకే తెరుచుకునే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ తీసుకుని, వాల్వు ఆగేటప్పుడు కాయిల్‌లో పుట్టే ఎదురు వోల్టేజీ మాస్‌ఫెట్‌ను పాడుచేయకుండా, కాయిల్ రెండు కొసల మధ్య 1ఎన్4007 డయోడ్‌ను, గీత ఉన్న కొస పాజిటివ్ వైపు వచ్చేలా వేయాలి.