ఐదు వేలకు ‘4కె జీపీఎస్ డ్రోన్’ అంటే కొనకండి, నేను కొని మోసపోయాను

రీల్స్ చూస్తుంటే ‘4కె డ్యూయల్ కెమెరా, జీపీఎస్, 25 నిమిషాల ఫ్లైట్, ఈ రోజు మాత్రమే 4,999’ అని మడతపెట్టే డ్రోన్ ఒకటి కనిపిస్తుంది చూడండి, దాని గురించే ఈ పోస్టు. అది కెమెరా డ్రోన్ కాదు. కెమెరా అతికించిన బొమ్మ. మొదటి డ్రోన్ కొందామనుకునేవాళ్లు కాస్త ఓపికగా చదవండి.

నేను ఉండేది నల్లగొండలో. ఫోన్‌తో ఫొటోలు తీసే పిచ్చి ఉంది. గుర్రంపోడు దగ్గర మా మేనమామకు బత్తాయి తోట ఉంది, వరసలు పైనుంచి ఎలా కనిపిస్తాయో చూడాలని ఎప్పటినుంచో కోరిక. ఆ ప్రకటనలో పచ్చటి కొండల మీదుగా నూనె పోసినట్టు సాఫీగా సాగే వీడియో పెట్టారు. ఆ వీడియో ఆ డ్రోన్ తీసింది కాదని ఇప్పుడు చూస్తే వెంటనే తెలిసిపోతోంది. అప్పుడు తెలియలేదు.

క్యాష్ ఆన్ డెలివరీ కదా, చూసుకుని డబ్బు ఇద్దాం అనుకున్నాను. కొరియర్ తమ్ముడేమో ‘ముందు పైసలు, తర్వాతే ఓపెన్’ అన్నాడు. ఇచ్చేశాను. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 4కె. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 25 నిమిషాల కింద ‘3 బ్యాటరీలు కలిపి’ అని ఉంది. ఒక్కో బ్యాటరీ ఎంత సేపు వచ్చిందో ఫోన్లో టైమర్ పెట్టి చూశాను, ఏడు నిమిషాలు. మళ్లీ ఛార్జింగ్‌కు గంటన్నర.

అసలు మోసపోయింది మొదటి రోజు సాయంత్రం. వరండాలో ఎగరేస్తే చెప్పినట్టు విన్నది, ఒకే చోట కదలకుండా నిలబడ్డది. భలే ఉందే అనుకుని మరుసటి ఆదివారం తోటకు తీసుకెళ్లాను. ఆషాఢం గాలి సంగతి మనకు తెలిసిందే. కొట్టం ముందు నేల మీద పెట్టి లేపాను. చెట్ల ఎత్తు దాటిందో లేదో, తూర్పుకు జరగడం మొదలుపెట్టింది. స్టిక్ పూర్తిగా వెనక్కి లాగినా జరుగుతూనే ఉంది.

మామ పక్కన నిలబడి ‘అల్లుడా, గది మనం చెప్పినట్టు ఇంటుందా, గాలి చెప్పినట్టు ఇంటుందా?’ అన్నాడు.

కంగారులో రిమోట్ మీద ఇంటి బొమ్మ ఉన్న బటన్ నొక్కాను. ఎక్కడి నుంచి లేచిందో అక్కడికి తిరిగొస్తుందని రాశారు కదా. అది ఇంకా వేగంగా దూరం వెళ్లిపోయింది!

ఎందుకలా జరిగిందో తర్వాత పెళ్లిళ్లకు డ్రోన్ తిప్పే ఒక అన్నను అడిగితే విడమరిచి చెప్పాడు. నిజమైన జీపీఎస్ ఉన్న డ్రోన్ లేచే ముందు ఉపగ్రహాలను పట్టుకుని, లేచిన చోటును గుర్తుపెట్టుకుంటుంది. అందుకే తిరిగి రాగలదు. నా దాంట్లో జీపీఎస్ చిప్పే లేదు. ఆ బటన్ చేసేదల్లా, లేచినప్పుడు దాని ముక్కు ఎటు ఉందో దానికి వెనకవైపుకు నడపడం. నేనేమో కెమెరాలో మా మొహాలు పడాలని ముక్కు నా వైపు తిప్పి పెట్టాను. దాని వెనకవైపంటే నాకు దూరంగానే కదా. మరి వరండాలో కదలకుండా ఎలా నిలబడింది? ఎత్తును గాలి పీడనం కొలిచే చిన్న సెన్సార్ చూసుకుంటుంది. చోటును కింద ఉన్న ఇంకో చిన్న కెమెరా, నేల మీది గీతలు, మచ్చలు చూసి పట్టుకుంటుంది. ‘డ్యూయల్ కెమెరా’లో రెండోది అదే! గచ్చు మీద రెండు మీటర్ల ఎత్తులో అది బాగానే పనిచేస్తుంది. పైకి పోయినా, నీళ్ల మీదకు పోయినా దానికి ఏమీ కనబడదు. ఉదయసముద్రం రిజర్వాయర్ మీద ఎగరేద్దామని కూడా అనుకున్నాను, నయం.

చివరికి ఆరో వరసలో బత్తాయి చెట్టు నడుమ ఇరుక్కుంది. ఆ చెట్ల ముళ్లు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బయటికి తీసేసరికి రెండు మోచేతులూ గీరుకుపోయాయి. డ్రోన్‌కు రెండు రెక్కలు విరిగాయి, రెక్కను పట్టి ఉండే దాని చెయ్యి ఒకటి పగిలింది.

ఇక వీడియో. ఫోన్లో ఫైల్ వివరాలు తెరిచి చూశాను, 1280×720 అని ఉంది. 4కె అంటే 3840×2160, అంటే దీనికి తొమ్మిది రెట్లు చుక్కలు (పిక్సెళ్లు) ఉండాలి. ఫొటోల సైజు మాత్రం పెద్దగానే చూపించింది, కానీ అది యాప్ సాగదీసిన సైజు. జూమ్ చేస్తే ఆకులు లేవు, పచ్చటి ముద్ద ఉంది. ఇంకో తమాషా, డ్రోన్లో మెమరీ కార్డు పెట్టే చోటే లేదు. కెమెరా చూసేది వైఫైలో ఫోన్‌కు వస్తుంది, రికార్డయ్యేది ఫోన్లో. సిగ్నల్ తెగితే రికార్డింగ్ కూడా తెగుతుంది. నాకు దొరికిన వీడియో కొట్టం రేకులు కనిపించే దగ్గరే ఆగిపోయింది, అంతే.

అమ్మినవాళ్లకు వాట్సాప్‌లో రాస్తే ‘పార్శిల్ విప్పిన వీడియో ఉందా?’ అన్నారు. లేదు. ‘అయితే మీరే తప్పుగా ఎగరేశారు’ అన్నారు. తర్వాత, ఇంకోటి కొంటే 500 తగ్గిస్తామన్నారు! పార్శిల్ మీద చిరునామా ఒకటి, సైట్లో చిరునామా ఇంకొకటి. ఇప్పుడు నంబర్ బ్లాక్ చేశారు. 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అది కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వస్తువుకు అక్కడ ఫీజు లేదు. డబ్బు మాత్రం ఇంకా రాలేదు. కాబట్టి ఏది కొన్నా సరే, కొరియర్ లేబుల్ కనబడేలా మొదలుపెట్టి విప్పేదాకా ఆపకుండా వీడియో తీసుకోండి.

మరి ఏం చూసి కొనాలి అంటే, ఆ అన్న చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. అన్నింటికంటే ముందు గింబల్. డ్రోన్ ఎటు ఊగినా కెమెరాను నిలకడగా పట్టే చిన్న మోటార్ల కీలు అది. వీడియో సాఫీగా వచ్చేది దాని వల్లే, 4కె వల్ల కాదు. ‘త్రీ యాక్సిస్ గింబల్’ అని స్పష్టంగా లేకపోతే ఆశ వదులుకోండి. ‘రిమోట్‌తో కెమెరా కోణం మార్చొచ్చు’ అంటే గింబల్ ఉందని కాదు, నా దానికీ కోణం మారింది. తర్వాత జీపీఎస్. ఉంటే యాప్‌లో ఎన్ని ఉపగ్రహాలు దొరికాయో అంకె కనిపిస్తుంది, ఆ స్క్రీన్ చూపించమనండి. ఇంకా బ్రష్‌లెస్ మోటార్లు (లోపల రాసుకుని అరిగే బ్రష్‌లు లేనివి), మెమరీ కార్డు పెట్టే చోటు, విడి రెక్కలు దొరకడం. ఇవన్నీ ఐదు వేలకు రావు, పది వేలకూ రావు.

ఇక్కడ ఇంకో చిక్కు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశాల్లో తయారైన పూర్తి డ్రోన్ల దిగుమతిని మన ప్రభుత్వం నిషేధించింది, పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రం మినహాయింపు. విడిభాగాలు తెప్పించుకోవచ్చు. అంటే ‘సీల్ కూడా తీయలేదన్నా, నిన్ననే వచ్చింది’ అని ఎవరైనా ఫారిన్ డ్రోన్ చూపిస్తే, ఎలా వచ్చిందో అడగండి. బిల్లు, వారంటీ లేకుండా నలభై యాభై వేలు పోస్తే రేపు రిపేరుకు తిరిగేది మనమే. సెకండ్ హ్యాండ్ అయితే పాత ఓనర్ డ్రోన్ యాప్‌లోని తన అకౌంట్ నుంచి దాన్ని మీ ముందే తీసేయాలి. లేదంటే చేతిలో డ్రోన్ ఉంటుంది, పెత్తనం వాళ్ల దగ్గర ఉంటుంది.

బరువు కూడా అడగండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపు నానో, దాని పైన 2 కిలోల దాకా మైక్రో. నానోకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రో అయినా సొంత సరదాకైతే అక్కర్లేదు, పెళ్లిళ్లకు కిరాయికి తిప్పితే కావాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు లోపే, రెడ్ జోన్‌లో అనుమతి లేకుండా అసలు కుదరదు. ఏది ఏ జోనో చూపే మ్యాప్ ప్రభుత్వ డిజిటల్ స్కై సైట్లో ఉంటుంది. సాగర్ వెళ్లి డ్యామ్ మీద ఎగరేద్దాం అనుకునే తమ్ముళ్లు మాత్రం అడగకుండా ఆ పని చేయకండి, అక్కడ భద్రతా సిబ్బంది ఉంటారు.

పిల్లలకు ఆడుకోవడానికి, స్టిక్‌లు చేతికి అలవాటు కావడానికి అయితే ఆ బొమ్మ పనికొస్తుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ దానికి బొమ్మ ధర పెట్టండి, ఇంట్లోనే తిప్పండి.

నిన్న రాత్రి అదే రీల్ మళ్లీ వచ్చింది. సైటు పేరు మారింది, ధర 3,999 అయింది. మొదటి రెండు సెకన్లలో మంచు లోంచి కొండ మీదకు లేచే షాట్ ఉంటుంది, కింద ‘చివరి 7 పీసులు’ అని ఉంటుంది. నేను కొన్న రోజు కూడా ఏడే ఉన్నాయి.