అమ్మ సిలిండర్ కట్టేయమంది, మోవర్ మొరాయించింది: ప్రొపేన్ జీరో టర్న్‌తో ఆరు సీజన్లు

మార్చి నెలాఖరులో గరాజ్ తలుపు తీసి, నాలుగు నెలలుగా కదలని గడ్డి కోసే మోవర్ ఎక్కి తాళం తిప్పితే మొదటి తిప్పుకే ఇంజిన్ అందుకుంటుంది. ఆ సుఖం ఏమిటో ఇంతకుముందు పెట్రోల్ మోవర్ వాడినవాళ్లకే తెలుస్తుంది. ఇక్కడ అమెరికాలో పెట్రోల్‌లో పదో వంతు దాకా ఇథనాల్ ఉంటుంది. చలికాలమంతా ట్యాంకులో నిలవుంటే కార్బురేటర్‌లో జిగురు పడుతుంది. ప్రతి ఏడూ మా ఆయన దాన్ని ఊడదీసి, పాత టూత్‌బ్రష్‌తో తోముతూ ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకునేవారు. ఇప్పటి మా మోవర్ నడిచేది ప్రొపేన్ మీద, వంటగ్యాస్ లాంటిదే. దానికి నిలవ దోషం లేదు.

మేముండేది జార్జియా రాష్ట్రంలో, కమింగ్ అనే ఊరి దగ్గర. ఎకరంన్నర స్థలం, వెనకవైపు వాలు. గడ్డి బెర్ముడా, అంటే సాక్షాత్తూ మన గరికే. వినాయక చవితికి గట్ల మీద ఊరికే కోసుకొచ్చేదాన్ని ఇక్కడ డబ్బు పోసి పెంచి, మళ్లీ డబ్బు పోసి కోస్తున్నాం. 2020లో లాన్ పనులు చేసే ఒకాయన తన బండ్లు మార్చుకుంటూ సగం ధరకి అమ్మితే ఈ జీరో టర్న్, అంటే నిలబడ్డచోటే గుండ్రంగా తిరగగల మోవర్, కొన్నాం. సీటుకి అటూ ఇటూ అడ్డంగా పడుకోబెట్టిన, 33 పౌండ్ల గ్యాస్ పట్టే సిలిండర్లు రెండు. హార్స్‌పవర్, డెక్ వెడల్పు లాంటివి బ్రోచర్లలో ఉంటాయి, వాటి జోలికి పోను.

సిగ్గు విడిచి ఒకటి చెప్పాలి. మొదటి రెండేళ్లు గడ్డి కోయడం అవగానే తాళం తిప్పి దిగిపోయేదాన్ని. సిలిండర్ వాల్వ్ కట్టేదాన్ని కాదు. ఇంజిన్ ఆగితే లాకాఫ్ వాల్వ్ గ్యాస్‌ని దానంతటదే ఆపేస్తుంది కదా అని ధీమా. సిలిండర్ నుంచి ఆ లాకాఫ్ దాకా గొట్టంలో మాత్రం గ్యాస్ ప్రెషర్‌తో అలాగే ఉండిపోతుందని ఆలోచించలేదు.

2022లో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. నేను మోవర్ దిగి వస్తుంటే వరండాలోంచి చూసి, "పొయ్యి కట్టేసి సిలిండర్ అలాగే వదిలేస్తారుటే ఎవరైనా?" అంది. మాన్యువల్ తీసి చూస్తే అందులోనూ అదే ఉంది. ఇంజిన్ నడుస్తుండగానే వాల్వ్ కట్టేయాలి, గొట్టంలో మిగిలిన గ్యాస్ కాలిపోయి ఇంజిన్ దానంతటదే ఆగాలి. ఆ రోజు అలాగే చేశాను. అమ్మ తృప్తిగా తలూపింది.

తర్వాతి శనివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం. మధ్యాహ్నానికి ముప్పై మంది వస్తారు. పొద్దున్నే హడావిడిగా వాల్వ్ చక్రాన్ని గిర్రున తిప్పేసి తాళం తిప్పాను. ఇంజిన్ తిరుగుతోంది గానీ అంటుకోదు. రెండో సిలిండర్‌కి మార్చి, దాన్నీ అలాగే గిర్రున తిప్పాను. అదే వరస. గేజ్ చూస్తే ముప్పావు వంతు ఉంది. చివరికి బ్యాటరీ కూడా చచ్చింది. గడ్డి చీలమండ దాటి ఉండగానే వ్రతం జరిగింది. తన మాట విన్నందుకే ఇలా అయిందేమోనని అమ్మ ఆ పూటంతా ముభావంగా ఉంది.

సోమవారం ఒక రిపేర్ షాపువాళ్లు ట్రెయిలర్ మీద తీసుకుపోయారు. తొమ్మిది రోజులు ఉంచుకుని, రెగ్యులేటర్ పోయిందని కొత్తది వేసి, 380 డాలర్లు తీసుకున్నారు. ఇంటికొచ్చాక ఒకసారి నడిచింది. మళ్లీ శనివారం అదే కథ.

దీని గుట్టు విప్పింది ప్రొపేన్ నింపే చోట పనిచేసే పెద్దాయన. నేను గోడు వెళ్లబోసుకుంటుంటే మధ్యలో ఆపి, వాల్వ్ ఎలా తెరుస్తున్నావో చేత్తో చూపించమన్నాడు. గాల్లో గిర్రున తిప్పి చూపించాను. ఆయన నవ్వాడు. వాల్వ్ లోపల ఒక చిన్న చెక్, అంటే దారికి అడ్డుపడే మూత లాంటిది, ఉంటుందట. గొట్టం తెగి గ్యాస్ ఒక్కసారిగా దూసుకొస్తే అది టక్కున మూసుకుంటుంది. ఖాళీ గొట్టంలోకి నేను వాల్వ్‌ని ఒక్క ఊపున తెరిస్తే, పాపం దానికి అది తెగిన గొట్టంలాగే తోచింది. రెండేళ్లూ ఆ బాధ రాకపోవడానికి కారణం నా చెడ్డ అలవాటే. వాల్వ్ కట్టేదాన్ని కాదు గనక గొట్టం ఎప్పుడూ నిండుగానే ఉండేది.

దానికి మందు ఇంతే. వాల్వ్ పూర్తిగా కట్టేసి అర నిమిషం ఆగాలి. తర్వాత పావు చుట్టు మాత్రం నెమ్మదిగా తిప్పి, బుస్సుమనే చప్పుడు ఆగాక మిగతాది తెరవాలి. ఆ షాపులో పాత రెగ్యులేటర్‌కి ఏ జబ్బూ లేదని నా గట్టి నమ్మకం. వాళ్లు అలవాటు కొద్దీ మెల్లగా తెరిచి ఉంటారు, బండి నడిచి ఉంటుంది. ఆ 380 డాలర్లు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ ఏడాది ఆగస్టులోనే సిలిండర్లు నింపించి తెచ్చి బిగించాను. అమ్మ దగ్గరికొచ్చి, నిలబడి కాదు, గొంతుక్కూర్చుని వాసన చూసింది. గ్యాస్ గాలికంటే బరువు, కిందికే దిగుతుంది. నాకేమీ తెలియలేదు, ఆవిడకి తెలిసిపోయింది. గిన్నెలో అంట్ల సబ్బు కలిపి, నురగ వేళ్లతో తీసి, సిలిండర్‌కి గొట్టం తగిలించే కప్లింగ్ చుట్టూ పూసింది. ఒక పక్క మాత్రం నురగలోంచి ఆవగింజంత బుడగలు వరసగా లేస్తున్నాయి. విప్పి చూస్తే లోపలి నల్ల రబ్బరు రింగు ఒకచోట చీలి ఉంది. రెండు డాలర్ల వస్తువు. తెనాలిలో గ్యాస్ అబ్బాయి చేత వాషర్ చూపించుకోకుండా ఆవిడ సిలిండర్ దింపించుకునేది కాదు. అప్పటినుంచి సిలిండర్ మార్చినప్పుడల్లా ముందు ఆ రింగు మీద వేలు తిప్పి చూస్తాను, ఆ తర్వాతే సబ్బు నీళ్లు. కప్లింగ్‌ని చేత్తోనే బిగించాలి, రెంచ్ పెడితే ఆ రింగే నలుగుతుంది.

సిలిండర్ వాల్వ్ చుట్టూ ఉండే కాలర్‌కి ఉన్న కన్నంలో మోవర్ పిన్ను కూర్చోవాలి. అలా కూర్చుంటేనే, ప్రెషర్ మరీ పెరిగితే గ్యాస్ వదిలే రిలీఫ్ వాల్వ్ పైన ఆవిరి ఉన్న వైపుకి వస్తుంది. పట్టీ బిగిసింది కదా అని వదిలేయకూడదు. ఫోర్క్‌లిఫ్ట్ సిలిండర్లు చూడ్డానికి ఇలాగే ఉంటాయి గానీ వాటిలోంచి మామూలుగా ద్రవం వస్తుంది, మాది ఆవిరి తీసుకునే రకం. ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. విప్పేటప్పుడు చేతికి గ్లోవ్స్ ఉండాలి. ద్రవ ప్రొపేన్ మరిగేదే మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చర్మానికి తగిలితే కాలినట్టే. ఒక చిన్న ముచ్చట: జూలై ఉక్కలో అరగంట కోశాక సిలిండర్ చల్లబడి, లోపల ద్రవం ఉన్నంత మేరా బయట చెమట పడుతుంది. నేను గేజ్ చూడటం మానేసి ఆ తడి గీతనే చూస్తాను.

వాలు సంగతి ప్రొపేన్‌కి సంబంధించింది కాదు గానీ, అసలు భయం అక్కడే. 15 డిగ్రీలు దాటిన చోటికి మోవర్ తీసుకెళ్లను. జీరో టర్న్‌లో వెనక చక్రాలతోనే మలుపు, తడి గడ్డి మీద అవి జారితే మలుపూ పోతుంది. బండి బోల్తా పడితే మనిషి నలగకుండా కాపాడే రోల్‌బార్ నిలబెట్టినప్పుడు బెల్టు పెట్టుకోవాలి, మడిచినప్పుడు పెట్టుకోకూడదు. వాగు వైపు పది అడుగులు చేతి ట్రిమ్మర్‌తోనే కోస్తాను.

తాళం తిప్పితే చాలన్నాను కదా, అంత సులువేమీ కాదు. మా గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంది, అందులో మంట ఉంటుంది. అందుకని చలికాలంలో సిలిండర్లు ఊడదీసి బయట, నీడలో, జాలీ బోనులో నిలబెడతాను. మార్చిలో వాటిని మోసుకొచ్చి, బిగించి, నురగ పూశాకే తాళం. వాసన రాదని అందరికీ చెప్పేదాన్ని. పెట్రోల్ వాసన రాదు, నిజమే. పొగలో కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఉంటుంది, గరాజ్‌లో నడపకూడదు. గాలన్‌కి శక్తి పెట్రోల్‌కంటే నాలుగో వంతు దాకా తక్కువ. జూన్‌లో గరిక దట్టంగా ఉన్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. దుకాణాల ముందు బోనుల్లో దొరికేవి గ్రిల్ సిలిండర్లు, ఇవి కావు. వీటిని 80 శాతం దాకానే నింపే మనిషి కావాలి. మా దగ్గర ఆయనకి ఆదివారం సెలవు.

నింపే చోటు మాకు నాలుగు మైళ్లే, మోవర్ సగం ధరకి వచ్చింది, ఊళ్లో ఉన్నన్నాళ్లూ అమ్మ ముక్కు ఉంది. ఇవేవీ లేకుండా అర ఎకరం ఉన్నవాళ్లకి నేనైతే బ్యాటరీ మోవరే చూసుకోమంటాను. మా సిలిండర్ల కాలర్ మీద తయారీ తేదీ 2015 మార్చి అని కొట్టి ఉంది. పన్నెండేళ్లకి మళ్లీ పరీక్ష చేయించాలి, అంటే 2027 మార్చి. అప్పుడు వాటికి ముద్ర వేయిస్తానా, మోవర్ అమ్మేస్తానా అన్నది ఇంకా తేల్చుకోలేదు.