అన్‌ఇన్‌స్టాల్ చేసినా మిగిలిపోయే సాఫ్ట్‌వేర్: మా నెట్ సెంటర్‌లో, ఇంట్లో వాడి చూసిన ఉచిత సాధనాలు

తిరుపతి బాలాజీ కాలనీలో మేము నడుపుతున్న జిరాక్స్, నెట్ సెంటర్‌లో 6 కంప్యూటర్లు ఉన్నాయి. విద్యార్థులు ప్రాజెక్టు నివేదికల కోసం, భక్తులు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోసం, ఉద్యోగార్థులు దరఖాస్తుల కోసం రోజంతా వాటి ముందు కూర్చుంటారు. ఫొటో సైజు తగ్గించడానికి ఒకటి, పీడీఎఫ్ మార్చడానికి ఒకటి, వీడియో దించుకోవడానికి ఇంకొకటి చొప్పున ఏవేవో ప్రోగ్రాములు ఎక్కించి, పని కాగానే లేచి వెళ్ళిపోతారు. వారు వాడే ఖాతాలకు అడ్మిన్ అధికారం తీసేశాక ఈ బెడద కొంత తగ్గినా, యాప్‌డేటా ఫోల్డర్‌లోకి (ప్రతి ఖాతాకూ విండోస్ విడిగా ఇచ్చే చోటు) ఎక్కే ప్రోగ్రాములకు ఆ అనుమతితో పని లేదు గనుక పూర్తిగా తప్పలేదు. దర్శనం టికెట్లు విడుదలయ్యే ఉదయం బ్రౌజర్ తెరుచుకోవడానికే రెండు నిమిషాలు పడితే, మమ్మల్ని నమ్మి వచ్చినవారికి టికెట్ దొరకదు. అందుకే ప్రోగ్రాములను వాటి మిగులుతో సహా తొలగించే ఉచిత సాధనాలను కొన్ని నెలలుగా శ్రద్ధగా పరీక్షించాను.

విండోస్‌లోని అన్‌ఇన్‌స్టాల్ సరిపోదా అని చాలామంది అడుగుతారు. అక్కడ మీట నొక్కినప్పుడు విండోస్ చేసేది, ఆ ప్రోగ్రామ్ తయారీదారు రాసిపెట్టిన తొలగింపు ఫైల్‌ను నడపడమే. ఆ ఫైల్ ఎంత నిజాయితీగా ఉంటే తొలగింపు అంత శుభ్రంగా ఉంటుంది. మంచి సంస్థల సాఫ్ట్‌వేర్‌కు అది చాలు. ఉచితమని చెప్పి ఎక్కిన డౌన్‌లోడర్ల విషయంలో మాత్రం ప్రోగ్రామ్‌డేటా అనే ఉమ్మడి చోట ఫోల్డర్లు, రెజిస్ట్రీలో (విండోస్ తన, ప్రోగ్రాముల సెట్టింగ్స్ దాచుకునే చోటు) కీలు అనే నమోదులు, పనులను వేళకు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో ప్రతి గంటకూ లేచే పనులు మిగిలిపోవడం మా వద్ద తరచుగా కనిపించింది.

నేను అన్నిటికన్నా ఎక్కువగా ఆధారపడుతున్నది బల్క్ క్రాప్ అన్‌ఇన్‌స్టాలర్ మీద. ఇది అపాచీ 2.0 లైసెన్స్ కింద వచ్చే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ (మూల కోడ్ అందరికీ తెరిచి ఉంచినది); వ్యాపార స్థలంలోనూ రుసుము లేకుండా వాడుకోవచ్చు కాబట్టి మా వంటి దుకాణానికి మొదటి అర్హత అదే. సాధారణ జాబితాలో కనిపించని వాటిని, అంటే తొలగింపు ఫైల్ చెడిపోయినవాటిని, ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా ఫోల్డర్‌లో పెట్టుకున్నవాటిని, విండోస్ స్టోర్ యాప్‌లను కూడా ఇది వెతికి చూపిస్తుంది. ఒకేసారి పదింటిని ఎంచుకుంటే, వీలున్న చోట ప్రశ్నలు అడగకుండా వరుసగా తొలగిస్తూ పోతుంది. రాత్రి షాపు మూసే ముందు ఒక్కో సిస్టమ్‌కు కేటాయించే సమయం దీనివల్ల చాలా తగ్గింది. అన్నిటికన్నా నాకు నచ్చినది, మిగిలిన ఫైళ్ళను చూపేటప్పుడు ప్రతిదానికీ అది ఎంత నమ్మకంగా తొలగించదగినదో ఒక శ్రేణి ఇవ్వడం. పాత ప్రింటర్ తాలూకు స్కానింగ్ ప్రోగ్రామ్‌ను తీసేసినప్పుడు, అదే తయారీదారు ఇంకో సాఫ్ట్‌వేర్‌తో పంచుకుంటున్న ఫోల్డర్ కూడా జాబితాలోకి వచ్చింది, కానీ దాని శ్రేణి తక్కువగా ఉంది, తొలగించడానికి గుర్తు పెట్టి లేదు. ఆ తేడా చూపకపోయి ఉంటే నేను దాన్ని తప్పకుండా తుడిచేసేవాడిని. లోపాలు లేకపోలేదు. తెరిచిన ప్రతిసారీ జాబితా తయారవడానికి కొంత సమయం తీసుకుంటుంది, తెర నిండా ఉన్న గడులూ రంగులూ కొత్తవారిని బెదరగొడతాయి.

ఇంటి ల్యాప్‌టాప్‌లో రెవో అన్‌ఇన్‌స్టాలర్ ఉచిత రూపాన్ని వాడుతున్నాను. ఇది ముందుగా రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే వ్యవస్థను వెనక్కి తెచ్చుకునే గుర్తు) సృష్టించి, ప్రోగ్రామ్ సొంత తొలగింపును నడిపి, ఆ తరువాత మిగిలిన వాటికోసం మూడు స్థాయిలలో వెతుకుతుంది. రెజిస్ట్రీ వృక్షంలో ముద్దక్షరాలలో ఉన్నవి మాత్రమే తొలగించదగినవి. మిగతావి అవి ఎక్కడ ఉన్నాయో దారి చూపడానికి కనిపిస్తాయి. ఈ సంగతి తెలియక అన్నీ తుడిచిపెట్టబోతున్నదని భయపడినవారిని చూశాను. మా అమ్మాయి వంటి సాధారణ వాడుకరులకు మధ్యస్థ స్థాయి చాలునని నా అభిప్రాయం. అయితే తొలగింపు ఫైలే లేని ప్రోగ్రామ్‌ను బలవంతంగా తీసేసే సౌకర్యం కోసం డబ్బు కట్టి ప్రో రూపం తీసుకోవాలి. రీస్టోర్ పాయింట్ మీద భరోసా పెట్టుకునే ముందు విండోస్‌లో ఆ గుర్తులను దాచే సిస్టమ్ ప్రొటెక్షన్ నిజంగా పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి, ఎందుకంటే చాలా కంప్యూటర్లలో అది ఆపివేసే ఉంటుంది.

గీక్ అన్‌ఇన్‌స్టాలర్ ఒకే ఒక ఫైల్. ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, పెన్‌డ్రైవ్‌లో ఉంటే చాలు. బంధువుల ఇంట్లో ఒకటి రెండు ప్రోగ్రాములు తీయడానికి ఇంతకన్నా సులువైనది లేదు, బలవంతపు తొలగింపు కూడా ఉచితంగానే ఇస్తుంది. వ్యక్తిగత వినియోగానికే ఉచితం కనుక దుకాణంలో వాడలేదు.

యాంటీవైరస్‌లను మాత్రం వీటితో తీయవద్దని గట్టిగా చెబుతాను. అవి వ్యవస్థలోకి లోతుగా దిగి ఉంటాయి. మెకాఫీకి ఎంసీపీఆర్, అవాస్ట్‌కు అవాస్ట్ క్లియర్ అని తయారీదారులే ప్రత్యేక సాధనాలు ఉచితంగా ఇస్తున్నారు. రెండవదాన్ని సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్ అత్యవసరమైన వాటితో మాత్రమే తెరుచుకునే స్థితిలో నడపాలి. బ్రౌజర్‌ను పట్టుకున్న ప్రకటనల సాఫ్ట్‌వేర్‌కు, 2016లో మాల్‌వేర్‌బైట్స్ చేతికి వచ్చిన యాడ్‌వ్‌క్లీనర్ బాగా పనిచేసింది. కానీ తెర మూలన వచ్చే ప్రకటనలన్నీ సాఫ్ట్‌వేర్ వల్ల కావు. మా 6 సిస్టమ్‌లలో 4 చోట్ల అవి క్రోమ్‌లో ఎవరో అనుమతించిన నోటిఫికేషన్లు మాత్రమే, సెట్టింగ్స్‌లో ఆ అనుమతి రద్దు చేయగానే ఆగిపోయాయి.

రెజిస్ట్రీని శుభ్రం చేసి వేగం పెంచుతామనే సాధనాలు వేరే కోవకు చెందినవి, వాటిని నేను సిఫారసు చేయను. రెండేళ్ళ క్రితం అలాంటి ఒక ఉచిత క్లీనర్ వందల కొద్దీ తప్పులున్నాయని చూపితే నమ్మి సరే అన్నాను. మరునాడు పరీక్ష హాల్‌టికెట్ల కోసం పిల్లలు వరుసకట్టి ఉండగా ప్రింటర్ పలకలేదు, చివరికి సిస్టమ్ ఫార్మాట్ చేయవలసి వచ్చింది. రెజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ సంస్థే ప్రకటించిందని ఆ తరువాత తెలుసుకున్నాను. అన్‌ఇన్‌స్టాలర్ ఒక ప్రోగ్రామ్ పేరు పట్టుకుని దాని ఆనవాళ్ళనే వెతుకుతుంది. క్లీనర్ వ్యవస్థ మొత్తాన్నీ ఊహతో కదుపుతుంది.

బల్క్ క్రాప్ అన్‌ఇన్‌స్టాలర్ మిగిలిన వాటిని తుడిచే ముందు రెజిస్ట్రీ కీల నకలు దాచమంటారా అని అడుగుతుంది. ఎంత తొందరలో ఉన్నా నేను అవునని చెప్పి, ఆ నకళ్ళను తేదీ పేరుతో ఒక ఫోల్డర్‌లో నెలరోజులు ఉంచుతున్నాను. ఇప్పటిదాకా ఒక్కసారే వాటి అవసరం పడింది: బార్‌కోడ్ రీడర్ మాట వినకపోతే, ఆ రోజు దాచిన నకలు ఫైల్‌ను రెండుసార్లు నొక్కి, సిస్టమ్‌ను తిరిగి ప్రారంభించగానే పనిచేసింది.