కార్డ్‌లెస్ డ్రిల్లుకు కంపెనీ బ్యాటరీయా, చవక బ్యాటరీయా?

18 వోల్టుల డ్రిల్లు బ్యాటరీని విప్పితే, అది కంపెనీదైనా బయటి తయారీదైనా, 3.6 వోల్టుల లిథియం అయాన్ సెల్లులు ఐదు వరుసగా కలిపి కనిపిస్తాయి. సామర్థ్యం ఎక్కువ కావాలంటే వాటినే జతలుగా పది అమరుస్తారు. తేడా అంతా ఆ సెల్లుల నాణ్యతలోనూ, వాటిని కాపాడే సర్క్యూట్‌లోనూ ఉంది. కాంక్రీటులో బిట్టు బిగుసుకున్నప్పుడు మోటారు ఒక్కసారిగా లాగే కరెంటును కంపెనీ ప్యాక్ తట్టుకుంటుంది, మరీ వేడెక్కితే సరఫరా ఆపేస్తుంది. చవక ప్యాక్‌లలో చాలావాటికి ప్రతి సెల్లు వోల్టేజీని విడివిడిగా గమనించే ఏర్పాటు ఉండదు కనుక, సెల్లుల మధ్య సమతూకం తప్పినా ఛార్జింగ్ సాగిపోయి, ఏదో ఒక సెల్లు పరిమితి మించి నిండి మంటలకు దారితీయవచ్చు. ప్యాక్ పైన సామర్థ్యం 6 ఆంపియర్ అవర్లని ముద్రించి ఉన్నా, అన్ని సెల్లులకు తగ్గ బరువు లేక చేతిలో తేలికగా తోస్తే నేను దానిని నమ్మను. అప్పుడప్పుడు స్క్రూలు బిగించడానికి చవకది సరిపోవచ్చు గానీ, దానిని రాత్రంతా ఛార్జర్‌లో వదిలేసి ఇంట్లోవాళ్లు నిద్రపోవడానికి మాత్రం నేను ఒప్పుకోను.