ఫెయిల్‌టుబ్యాన్ రివ్యూ: చిన్న షాపుల వెబ్‌సైట్‌కి ఇంతకన్నా మంచి కాపలా నేను చూడలేదు

సొంతంగా సర్వర్ తీసుకుని వెబ్‌సైట్ నడుపుకునే చిన్న వ్యాపారం ఎవరిదైనా సరే, ఫెయిల్‌టుబ్యాన్ పెట్టుకోండనే చెప్తాను. సర్వర్ లాగ్‌లు చూస్తూ, దాడి చేసే అడ్రస్‌లని కొంతసేపు ఆపేసే సాఫ్ట్‌వేర్ ఇది. ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు, 2004 నుంచి ఉంది. అయితే ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే మాత్రం ఇది మీ కస్టమర్లనే గుమ్మం బయట నిలబెడుతుంది, ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

నేను చూసుకునే సైటు బెంగళూరు మారతహళ్లిలో మా పిన్ని వాళ్ల పచ్చళ్ల షాపుది. వర్డ్‌ప్రెస్, దాని మీద ఆర్డర్లు తీసుకునే వూకామర్స్ ప్లగిన్, కింద ఉబుంటు సర్వర్, ముందు వెబ్ సర్వర్‌గా ఎన్‌జిన్‌ఎక్స్. ఆవకాయ సీజన్‌లో ఆర్డర్లు ఎక్కువ ఉండే టైమ్‌లోనే సైటు నత్తనడక నడిచేది. హోస్టింగ్ వాళ్లని అడిగితే ఒకటే మాట, పెద్ద ప్లాన్ తీసుకోండి సార్ అని. సైటుకి ఎవరు ఏం అడిగారో రాసి ఉండే యాక్సెస్ లాగ్ తెరిచి చూస్తే అసలు కథ కనిపించింది. 203.0.113.45 లాంటి ఒక అడ్రస్ నుంచి డబ్ల్యూపీ-లాగిన్.పీహెచ్‌పీకి, అంటే వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీకి, ఒక పోస్ట్ (ఫారం నింపి పంపే రిక్వెస్ట్), సెకను కూడా గడవకముందే ఇంకోటి, మళ్లీ ఇంకోటి, పేజీ నిండా అదే. మధ్యమధ్యలో ఎక్స్‌ఎంఎల్‌ఆర్‌పీసీ.పీహెచ్‌పీ (బయటి యాప్‌లు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే పాత దారి), పాస్‌వర్డ్‌లు దాచే డాట్ ఈఎన్‌వీ ఫైల్, కోడ్ దాచే డాట్ గిట్ ఫోల్డర్. గోంగూర కొనడానికి వచ్చిన మనిషి ఎవరూ ఇవి అడగరు కదా. లాగిన్ ప్రయత్నం జరిగిన ప్రతిసారీ పీహెచ్‌పీ లేవాలి, డేటాబేస్ చూడాలి, పాస్‌వర్డ్ సరిచూడాలి, ఆ సరిచూసే లెక్క కావాలనే బరువుగా పెడతారు. చిన్న సర్వర్‌కి ఊపిరాడనిది అక్కడే.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, లాగ్‌లో కనిపించిన ఐపీ అడ్రస్‌ని కాపీ చేసి, ఉబుంటు ఫైర్‌వాల్ టూల్ యూఎఫ్‌డబ్ల్యూలో దాన్ని ఆపేయమని డినై రూల్ రాయడం. అందులో మొదటి చిక్కు ఏంటంటే యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్‌ని పై నుంచి కిందకి చూస్తుంది, ముందు ఏది సరిపోతే అదే ఖాయం. వెబ్‌సైట్ ట్రాఫిక్ వచ్చే 80, 443 పోర్టులని అందరికీ తెరిచిన రూల్ పైన ఉండి, మీ డినై రూల్ అడుగున చేరితే దాని వంతు ఎప్పటికీ రాదు, రూల్ రాసినా ట్రాఫిక్ వస్తూనే ఉంటుంది. దాన్ని ఒకటో నంబర్ స్థానంలో ఇన్‌సర్ట్ చేయాలి. రెండో చిక్కు ఇంకా పెద్దది: ఈ అడ్రస్‌లు నిలకడగా ఉండవు. ఇవాళ దాడి చేసిన క్లౌడ్ సర్వర్ అడ్రస్ రేపు ఇంకెవరో మామూలు మనిషి చేతికి వెళ్తుంది, దాడి చేసేవాడు కొత్త అడ్రస్‌తో వస్తాడు. చేత్తో రాసిన లిస్టు మాత్రం పెరుగుతూనే పోతుంది, ఏ అడ్రస్ ఎందుకు పెట్టామో ఎవరికీ గుర్తుండదు.

ఫెయిల్‌టుబ్యాన్ ఈ పనిని లాగ్ ఆధారంగా చేస్తుంది. లాగ్ చదువుతూ ఉంటుంది, మనం చెప్పిన నమూనా కనిపిస్తే లెక్క పెట్టుకుంటుంది, హద్దు దాటితే ఆ అడ్రస్‌ని ఫైర్‌వాల్‌లో ఆపేస్తుంది, గడువు అయిపోగానే తనే తీసేస్తుంది. మామూలుగా వచ్చే సెట్టింగ్ ప్రకారం 10 నిమిషాల్లో 5 సార్లు తప్పు చేస్తే 10 నిమిషాల నిషేధం. నాకు బాగా నచ్చింది నిషేధం ఇలా తాత్కాలికంగా ఉండడమే. మళ్లీ మళ్లీ వచ్చేవాడికి నిషేధం పెరుగుతూ పోయేలా బ్యాన్‌టైమ్ ఇంక్రిమెంట్ అనే సెట్టింగ్ ఉంది, దాన్ని తప్పకుండా ఆన్ చేయండి. పాత నేరస్తుల కోసం రెసిడివ్ అని విడిగా ఒక జైలు (ఒక్కో రకం దాడికి పెట్టే రూల్స్ కట్టని ఇందులో జైలు అంటారు) కూడా ఉంది, ఒక రోజులో పదేపదే బ్యాన్ అయినవాడిని వారం పాటు ఆపుతుంది. సర్వర్ రీస్టార్ట్ అయినా బ్యాన్లు మరిచిపోదు, డేటాబేస్‌లో రాసుకుంటుంది.

వర్డ్‌ప్రెస్ లాగిన్ కోసం ఫిల్టర్, అంటే లాగ్‌లో వెతకాల్సిన నమూనా, మాత్రం దానితో రాదు, మనమే రాసుకోవాలి, లేదా అందుకోసం ఉన్న ప్లగిన్ పెట్టుకోవాలి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. వర్డ్‌ప్రెస్‌లో పాస్‌వర్డ్ తప్పు కొట్టినా మామూలుగా 200 కోడే (పేజీ సరిగ్గానే ఇచ్చామని సర్వర్ జవాబు) వస్తుంది, సరిగ్గా కొడితే ఇంకో పేజీకి పంపే 302 వస్తుంది. అందుకని లోపలికి రానివ్వలేదని చెప్పే 401 కోసం, 403 కోసం వెతికే ఫిల్టర్ రాస్తే ఏమీ దొరకదు, లాగిన్ పేజీకి వచ్చిన పోస్ట్‌కి 200 జవాబు వెళ్లిందా అని చూడాలి. రాసిన ఫిల్టర్‌ని పాత లాగ్ మీద పరీక్షించడానికి ఫెయిల్‌టుబ్యాన్-రీజెక్స్ అనే టూల్ ఇచ్చారు, ఎన్ని లైన్లు పట్టిందో చూపిస్తుంది, అది చూడకుండా జైలు ఆన్ చేయొద్దు. ఎక్స్‌ఎంఎల్‌ఆర్‌పీసీ వాడకపోతే దాన్ని ఎన్‌జిన్‌ఎక్స్‌లోనే మూసేయండి, దానికి లెక్కలు అక్కర్లేదు.

ఇక అసలు జాగ్రత్త పడాల్సిన చోటు. మన దేశంలో మొబైల్ డేటా వాడేవాళ్లలో చాలామంది సీజీనాట్ వెనక ఉంటారు, అంటే ఎంతోమంది ఫోన్లు ఒకే పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌తో బయటికి వస్తాయి. మారతహళ్లిలో పీజీ హాస్టల్ వైఫై కూడా అంతే, బిల్డింగ్ మొత్తానికి ఒకటే అడ్రస్. వాళ్లలో ఒకడి ఫోన్‌లో మాల్వేర్ ఉన్నందుకు ఆ అడ్రస్‌ని శాశ్వతంగా ఆపేస్తే పచ్చడి ఆర్డర్ పెడదామని వచ్చిన మిగతావాళ్లందరికీ సైటు తెరుచుకోదు, వాళ్లు ఫోన్ చేసి చెప్పరు కూడా, ఇంకో షాపుకి వెళ్లిపోతారు. అందుకే మొదటి బ్యాన్ చిన్నదిగా ఉండాలి. కోపంలో స్లాష్ 16 రేంజ్ (వరసగా ఉండే అడ్రస్‌ల గుంపు) మొత్తం బ్లాక్ చేసేవాళ్లని చూశాను, అది 65,536 అడ్రస్‌లు, అంతమందిని ఒక బాట్ కోసం బయట పెడతారా?

విదేశాలని మొత్తంగా ఆపేయమని కూడా సలహా ఇస్తారు. ఇండియాలోనే అమ్మే షాపుకి అది సరే. తెలుగువాళ్ల పచ్చళ్ల షాపుకి డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి ఆర్డర్లు వస్తాయి, అక్కడ ఉన్న కూతురు మారతహళ్లిలో ఉన్న అమ్మకి పంపమని ఆర్డర్ పెడుతుంది. అమెరికాని ఆపేస్తే వ్యాపారాన్నే ఆపేసినట్టు. వెబ్‌హుక్‌లు (డబ్బు అందిందని సైటుకి చెప్పే సందేశాలు) పంపే పేమెంట్ గేట్‌వే సర్వర్ల అడ్రస్‌లని కూడా ఇగ్నోర్‌ఐపీలో, అంటే ఎప్పుడూ ఆపకూడని అడ్రస్‌ల లిస్టులో, పెట్టుకోండి, లేకపోతే డబ్బు కట్ అయినా ఆర్డర్ పెండింగ్‌లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. గూగుల్ సెర్చ్ కోసం సైట్లు చదివే గూగుల్‌బాట్ పేరు పెట్టుకుని వచ్చేవన్నీ గూగుల్‌వి కావు, గూగుల్ తన అడ్రస్ రేంజ్‌లు బయటపెడుతుంది, వాటితో సరిచూసుకుని వదలండి.

సైటుకి ముందు నిలబడి ట్రాఫిక్‌ని తన గుండా పంపే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సర్వీస్ పెట్టుకున్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. అప్పుడు మీ సర్వర్‌కి కనిపించే అడ్రస్ వచ్చినవాడిది కాదు, క్లౌడ్‌ఫ్లేర్‌ది. అసలు అడ్రస్ రిక్వెస్ట్‌తో పాటు వచ్చే హెడర్ అనే అదనపు సమాచారంలో వస్తుంది, ఎన్‌జిన్‌ఎక్స్‌లో రియల్ ఐపీ సెట్టింగ్ పెట్టి దాన్ని లాగ్‌లోకి తెచ్చుకోవాలి, ఆ హెడర్‌ని కూడా క్లౌడ్‌ఫ్లేర్ ప్రకటించిన రేంజ్‌ల నుంచి వస్తేనే నమ్మాలి, ఎందుకంటే ఎవరైనా దొంగ హెడర్ పంపొచ్చు. ఇంతా చేశాక కూడా సర్వర్‌లో ఉన్న ఫైర్‌వాల్ ఆ బ్యాన్‌ని అమలు చేయలేదు, కనెక్షన్ క్లౌడ్‌ఫ్లేర్‌ది కదా. బ్యాన్ అక్కడే పడేలా ఫెయిల్‌టుబ్యాన్‌లో దానికి తగిన యాక్షన్ ఉంది, అది వాడాలి.

చేతకానివి కూడా చెప్పాలి. ఓటీపీ పేజీ మీద పడి ఎస్‌ఎంఎస్ ఖర్చు పెంచే బాట్లు ఒక్కో రిక్వెస్ట్‌కి ఒక్కో అడ్రస్‌తో వస్తే దీని లెక్క 5కి చేరదు, అక్కడ ఫోన్ నంబర్‌కి ఇన్నిసార్లే అని హద్దు పెట్టాలి, క్యాప్చా పెట్టాలి. నెట్ పైపునే నింపేసే డీడాస్ వస్తే సర్వర్‌లోని ఏ రూలూ పనికిరాదు, ప్యాకెట్ మన దాకా వచ్చాకే కదా పారేసేది. కొత్త రకం అడ్రస్‌లైన ఐపీవీ6లో మామూలుగా ఒక్కొక్కరికీ స్లాష్ 64 మొత్తం, అంటే లెక్కలేనన్ని అడ్రస్‌లు, ఉంటాయి, ఇదేమో ఒక్కో అడ్రస్‌నే ఆపుతుంది.

ఇన్‌స్టాల్ అనుభవం మాత్రం ఇంకా బాగుండాలి. డెబియన్ 12 అనే లినక్స్‌లో సిస్టమ్ లాగ్‌లు ఫైల్‌లో కాకుండా జర్నల్‌లో ఉంటాయి, అందువల్ల లాగ్ ఎక్కడ చదవాలో చెప్పే బ్యాకెండ్ సెట్టింగ్‌ని సిస్టమ్‌డీ అని మార్చేదాకా ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) జైలు లేవదు, కొత్తవాళ్లు అక్కడే టెన్షన్ పడి వదిలేస్తారు. సాఫ్ట్‌వేర్‌ని కంటెయినర్లనే విడి డబ్బాల్లో నడిపే డాకర్ వాడితే ఇంకో తంటా: కంటెయినర్లకి వెళ్లే ట్రాఫిక్ ఫైర్‌వాల్‌లో ఇన్‌పుట్ చెయిన్ అనే రూల్స్ వరస గుండా పోదు, బ్యాన్ పడినట్టు చూపిస్తుంది కానీ వాడు లోపలికి వస్తూనే ఉంటాడు, రూల్‌ని డాకర్-యూజర్ చెయిన్‌లో పెట్టాలి. సెట్టింగ్ మార్పులు జైల్.లోకల్ ఫైల్‌లోనే చేయండి, జైల్.కాన్ఫ్‌ని ముట్టుకోవద్దు, అప్‌డేట్‌లో పోతుంది. మీ సొంత అడ్రస్ ఇగ్నోర్‌ఐపీలో పెట్టకుండా మొదలుపెట్టొద్దు.

మా పిన్ని సైటు ఇప్పుడు అదే పాత ప్లాన్ మీద సీజన్ అంతా నడుస్తోంది, పెద్ద ప్లాన్ అవసరం పడలేదు. ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నవాళ్లకి రూట్ యాక్సెస్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, ఉండదు కాబట్టి ఇది కుదరదు, వాళ్లు క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్‌లో ఇచ్చే కస్టమ్ రూల్స్‌లో ఒకటి లాగిన్ పేజీకి, ఒకటి ఎక్స్‌ఎంఎల్‌ఆర్‌పీసీకి కేటాయించుకుంటే చాలావరకు గొడవ తగ్గుతుంది.